గొంతు దాచుకున్న గంగాదాస్

గంగాదాస్ ఆ రోజు పెట్టుకున్నది చాలా చిన్న పని. పొద్దున్నే ఆర్మూరు పసుపు యార్డుకు వెళ్లి ఒక్కపూట సెలవు అడగాలి. ఒంటిగంట బస్సుకు నిజామాబాద్ వెళ్లి, మూడు గంటలకు రేడియో స్టేషన్‌లో స్వర పరీక్షకు పాడి రావాలి. అంతే! ఇంతమాత్రం దానికి నందిపేట నుంచి ఆటో నిండా జనం ఎందుకు దిగాలో ఎవరైనా చెప్పగలరా?

తప్పంతా పక్కనున్న పెర్కిట్‌లో హార్మోనియం వాయించే భూమేశ్వర్‌ది. "మైకు ముంగట నిలవడేదాక నోట్లెకెల్లి ఒక్క సప్పుడు రావద్దు. వచ్చిందో, గొంతు ఖరాబ్. ఎనుక నన్ను అనద్దు" అని ముందురోజు బెదిరించాడు. గంగాదాస్ ఒక మాట పట్టుకున్నాడంటే ఇక వదిలే మనిషి కాడు. పరీక్ష సంగతి భార్య నీలవ్వకు కూడా చెప్పలేదు. తప్పితే యార్డంతా నవ్వుతుందని భయం.

ఆయన హమాలీ. పద్నాలుగేళ్లుగా బస్తా వీపున వేసుకుని పాడుతుంటే, మిగతా హమాలీలు ఆ పాటకే అడుగులు వేస్తారు. ఆయనకున్నది ఒకటే ఆశ. రేడియోలో తన పేరు వినబడాలి. పాట తనకు పుట్టుకతోనే వచ్చిందనీ, ఎవరి దగ్గరా నేర్చుకోలేదనీ చెప్పుకోవడం ఆయనకు అన్నం కన్నా ఇష్టం.

కళ్లు తెరుస్తూనే పాడే మనిషి ఆ పొద్దున గోడలా కూర్చుంటే, నీలవ్వ చేతిలోని బీడీల చాట పక్కన పెట్టింది.

"ఏమయ్యా, రాత్రి కూరల ఉప్పెక్కువైందని కోపమా?"

గంగాదాస్ తల అడ్డంగా ఊపాడు.

"మరి నోట్ల నాలిక ఉందా, యాడనన్న పెట్టి మర్సినవా?"

ఆయన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, నిజామాబాద్ రోడ్డు వైపు చూపించి, యార్డుకు బయలుదేరాడు. ఆ గొంతు, ఆ రోడ్డు కలిపి చూసుకుంటే నీలవ్వకు దవాఖానే తోచింది.

యార్డులో పాట లేకపోయేసరికి ఎవరి అడుగు వారిదైంది. ఇద్దరు హమాలీలు ఎదురెదురుగా గుద్దుకున్నారు. బస్తా పగిలి కమీషన్ ఏజెంటు తెల్లధోవతి పసుపుమయమైంది.

"పాడరా బై! నీకేమైంది?" అని అరిచాడు తోటి హమాలీ లచ్చన్న.

గంగాదాస్ మళ్లీ గొంతు పట్టుకుని, రోడ్డు చూపించాడు. అంతలోనే నీలవ్వ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "అన్నా, మీ దోస్తు గొంతు పడిపోయిందే! దవాఖానకు తీస్కపొమ్మని సైగ జేస్తుండు!"

నలుగురు హమాలీలు ఆయన్ను ఎత్తి తోపుడుబండి మీద వేశారు. గంగాదాస్ దిగడానికి కాళ్లు తన్నుకున్నాడు.

"ఫిట్స్ గిట్ల వస్తున్నయ్, గట్టిగ పట్టుండ్రి!" అన్నాడు లచ్చన్న.

ఒక్క మాట అంటే అయిపోయేది. అనడే!

దవాఖానలో డాక్టరు "ఆ" అనమంటే పెదాలు బిగించాడు. సూది గుచ్చితే కళ్లలో నీళ్లు తిరిగాయి గాని కిక్కురుమనలేదు. "నాకు అంతు పట్టడం లేదు. నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నాడు డాక్టరు. నిజామాబాద్ మాట వినగానే గంగాదాస్ ముఖం వెలిగిపోయింది. చెవుల దాకా నవ్వాడు.

"అయ్యో, మతి గూడ పోయింది!" అని నీలవ్వ నెత్తి కొట్టుకుంది.

ప్రయాణానికి బట్టలు సర్దుకోవాలని ఇంటికి తెచ్చారు. పలకరించే వాళ్ల పోరు పడలేక గంగాదాస్ మంచమెక్కి, ముఖం మీద తువ్వాల కప్పుకున్నాడు.

పసుపు అమ్మడానికి వచ్చిన నందిపేట రైతు ఒకాయన, బండి మీద గంగాదాస్‌నూ, పట్టుకున్న నలుగురినీ, వెనకాల ఏడ్చే నీలవ్వనూ కళ్లారా చూశాడు. చూసింది ఆటోలో చెప్పాడు. ఆటో నందిపేట చేరేసరికి గంగాదాస్ పోయాడు. ఆయన అక్క ముత్తవ్వ పన్నెండు గంటలకల్లా ఎనిమిదిమంది ఆడవాళ్లతో దిగి, గల్లీ మొదట్లోనే రాగమెత్తింది. మంచం మీద తువ్వాల చూడగానే వచ్చి మీద పడింది.

"ఓ తమ్ముడా గంగాదాసూ... సంకనేసుక తిప్పితి కొడుకా... నాట్లేసుకుంట నీకు పాట నేర్పితి కొడుకా... నా ఎనుకనే పాడితివి గంగాదాసూ..."

సూదికి ఓర్చుకున్నాడు. దీనికి ఓర్చుకోలేకపోయాడు.

"ఎవలు నేర్పిండ్రే?" అంటూ తువ్వాల విసిరి లేచాడు.

ఆడవాళ్లు ఆరుగురు గల్లీలోకి పరుగు తీశారు. ముత్తవ్వ కదల్లేదు. తమ్ముడు బతికున్నాడన్న సంతోషం ఆమెకు ఒక్క నిమిషం నిలిచింది.

"నేనే నేర్పిన! మాటలు గూడ రాకముందు నేర్పిన!"

"నాకు పుట్టుకతోని వచ్చింది!"

"పుట్టినప్పుడు నువ్వు ఏడ్సుడు గూడ ఏడ్వలే, మంత్రసాని కొట్టింది!"

ఒంటిగంట దాకా అరుచుకున్నారు. ఆ గోలలోనే స్వర పరీక్ష సంగతి బయటపడింది. నీలవ్వ ఇద్దరినీ తిడుతూనే బస్సెక్కించి, తానూ ఎక్కింది.

మూడు గంటలకు మైకు ముందు నిలబడి గంగాదాస్ నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. మళ్లీ గాలే. పద్నాలుగేళ్ల ఆశ కళ్లముందే పోతుంటే ఆయనకు ఏడుపొచ్చింది, అదీ సప్పుడు లేకుండా.

"ఏమైందమ్మా ఈయనకు?" అని రేడియో అధికారి ముత్తవ్వను అడిగాడు.

"సచ్చిండనుకొని ఏడ్సిన సారూ, గదే మొదలు. ఎట్ల ఏడ్సిన్నంటే..." అని ముత్తవ్వ అక్కడే అందుకుంది. తమ్ముడి మీద జాలి, కోపం, పొద్దున పడ్డ భయం అన్నీ ఆ రాగంలో కలిశాయి. నీలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. గంగాదాస్ తల వంచుకుని, గొంతు లేని నోటితోనే వెనకాల పెదాలు కదిపాడు.

అధికారి కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, ఇంకొక్కసారి. మైకు దగ్గరికి వచ్చి" అన్నాడు.

రెండు వారాల తర్వాత హమాలీలంతా యార్డు పక్క చాయ్ హోటల్లో రేడియో చుట్టూ చేరారు. పాడినది నందిపేట ముత్తవ్వ అని చెప్పి పాట వేశారు. అందులో గంగాదాస్ పేరు మొత్తం నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ పోయినవాడిగానే.