వరండాకి అయిదో రంగు

"సిస్టర్లు మన లూసీని ఉంచేసుకుంటారు, చూస్తూ ఉండండి. పది రోజులని తీసుకెళ్లి, తలకి ముసుగేసి, మనకి ఫొటో పంపిస్తారు."

భోజనాల బల్ల దగ్గర నేనీ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. మా అమ్మాయి లూసీ చదివే సిస్టర్ల బడి నుంచి ఒక కాగితం వచ్చింది, అంతే. వెస్ట్ వర్జీనియా కొండల్లో పేదలకు సేవ చేయుట ద్వారా పది దినములలో వ్యక్తిగత ఆత్మీయ ఎదుగుదల కలుగునని అందులో ఉన్నట్టు మావారు రత్నరాజుగారు చదివి చెప్పారు. మా నాన్న అరవై ఏళ్లు మోకాళ్లూని ప్రార్థన చేశాడు. ఎంత ఎదిగాడో సంఘంలో ఎవరూ తేల్చలేకపోయారు. ఇక్కడ పది రోజులకే పూచీ!

మేము ప్రొటెస్టెంట్లం. జెర్సీ సిటీలో గవర్నమెంటు బడికి పిల్లలు కత్తులు తెస్తారని మా తెలుగు చర్చిలో కరుణమ్మగారు చెబితే, హడలిపోయి పిల్లని క్యాథలిక్ బడిలో వేశాం. ఇప్పుడిదొక హడలు. అందుకని తోడు వెళ్లే తల్లుల్లో నా పేరూ రాయించాను.

"మమ్మీ, నువ్వు రాకు. ఇట్స్ ఎంబరాసింగ్" అంది లూసీ.

"సేవ నాకు కొత్తా? మాది పెట్టిన ఇల్లే గాని పుచ్చుకున్న ఇల్లు కాదు" అన్నాను.

ఇది నేను ఈ దేశం వచ్చాక అల్లుకున్న కథ. నిజానికి ఒంగోలు దగ్గర మిషన్ హాస్టల్లో వాళ్లు పెట్టింది తిని ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని. లూసీ ఏడో ఏట వాళ్ల తాతగారికి మాటల్లోనే ఒక బంగళా కట్టాను. పదో ఏట దానిమీద మేడ వేశాను. ఇప్పుడు పదహారు. ఆ మేడ కూలిందంటే ఈ పిల్ల దగ్గర నా మాటకి విలువేముంటుంది?

పాము కాటుకి మందు, విరేచనాలకి మందు, సిస్టర్ల బోధకి మందుగా నా తెలుగు బైబిలూ పెట్టుకుని వ్యాన్ ఎక్కాను. పాములు కనపడలేదు. సిస్టర్ బెర్నడెట్ మాత్రం ఎవరికీ ముసుగు వేయకుండా ఎనిమిది మంది పిల్లలకీ తలా ఒక బ్రష్ ఇచ్చింది. మా వంతుకి వచ్చిన పేదరాలు మిసెస్ హాకిన్స్ అనే డెబ్బై ఏళ్ల వితంతువు. ఆవిడ వరండాకి మేము రంగు వేయాలి.

ఆ వరండా మీద అప్పటికే నాలుగు రంగులు ఉన్నాయి. ప్రతి వేసవిలోనూ ఏదో ఒక బడి పిల్లల ఆత్మలు ఎదిగినప్పుడల్లా ఒక పూత పడింది. పూతలు మందమై తలుపు సరిగా మూసుకోవడం లేదు. ఇంటి కప్పు మాత్రం కారుతోంది. లోపల మూడు గిన్నెలు పెట్టుకుంది పాపం.

కప్పు బాగుచేయకూడదా అని లూసీ అడిగింది. నిచ్చెన ఎక్కితే ఇన్సూరెన్సు వర్తించదని సిస్టర్ చెప్పింది. ఆత్మీయ ఎదుగుదల నేలమీద నిలబడి అందినంత వరకేనన్నమాట!

సాయంత్రాలు అందరం గుండ్రంగా కూర్చుని ఆ రోజు ఎంత ఎదిగామో చెప్పాలి. సిస్టర్ నోటుబుక్కులో రాసుకుంటుంది. ఒక పిల్ల సోమవారం వినయం నేర్చుకుంది, మంగళవారం కృతజ్ఞత. బుధవారం వాన పడడంతో ఏమీ నేర్చుకోలేదు. నా వంతు వచ్చినప్పుడు, ఇవ్వడం మా రక్తంలోనే ఉందని చెప్పాను. సిస్టర్ దానికింద గీత కూడా గీసింది. లూసీ నావైపు కాస్త గర్వంగానే చూసింది.

ఆ పది రోజులూ మాకు వండిపెట్టింది మిసెస్ హాకిన్సే. ఇంత మొక్కజొన్న రొట్టె, ఇన్ని చిక్కుళ్లు. పేదలకి సేవ చేస్తే ఆకలి ఎక్కువని అప్పుడే తెలిసింది.

ఆఖరి రోజు ఫొటో. ఆవిడని మధ్యలో నిలబెట్టి, నవ్వకుండా కొంచెం దీనంగా చూడమన్నాను. దాతలకి పంపే ఫొటోలకి ఎలా నిలబడాలో నాకు చిన్నప్పుడు హాస్టల్లోనే నేర్పారు మరి.

అప్పుడడిగింది ఆవిడ, ఇండియాలో మీది ఏ ఊరని. ఒంగోలన్నాను, ఎలాగూ తెలియదు గదా అని. ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది. వాళ్ల బాప్టిస్టు చర్చి ఆడవాళ్లు ఇరవై ఏళ్లపాటు ప్రతి చలికాలం కూర్చుని ఒంగోలు హాస్టలు పిల్లలకి గౌన్లు కుట్టి పంపారట. కొలతలు లేవు, అన్నిటికీ ఒకటే కత్తిరింపట. ఒంగోలు మనిషి ఎప్పటికైనా ఎదురైతే ఒక్క మాట అడగాలని ఉండేదట.

"ఆ గౌన్లు పిల్లలకి సరిపోయేవా?"

తెలియదంటే సరిపోయేది. బంగళాలో పుట్టినదానికి హాస్టలు గౌన్ల సంగతి ఎలా తెలుస్తుంది? సిస్టర్ నోటుబుక్కు తెరిచింది. ఫొటోకి నిలబడ్డ పిల్లలు ఇటు తిరిగారు. లూసీ ఆవిడ వంక చూసి, నా వంక చూసింది. ఆవిడ చెయ్యి వదల్లేదు. ఇన్నేళ్లు ఆగిన మనిషికి ఇంకో అయిదు నిమిషాలు లెక్కా? అలాగే నిలబడింది. పొద్దుటి వానకి లోపల గిన్నెలో చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

"చంకల దగ్గర పట్టేసేవండీ" అన్నాను. "నాది నీలం గౌను."