వెర్లిన్ స్టకీ కారు బేరం

శనివారం ఉదయం కోడిగుడ్ల పెనం పొయ్యి మీద నుంచి దించుతూ లోర్నా స్టకీ ఒక్క మాటే అంది.

"ఇవాళ రాత్రి భోజనాల వేళకి నా కారు వాకిట్లో ఉండాలి. లేకపోతే సోమవారం నుంచి పొద్దున్నే ఆరింటికి నన్ను ఆఫీసులో దింపేది మీరే."

ఆవిడ భర్త వెర్లిన్ తింటున్న రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు తోలి రిటైరైన మనిషి. చీకటితో లేవడం ఇక ఈ జన్మకి చాలనుకున్నాడు. అన్నేళ్ళలో ఆయన బస్సుకి గీత పడలేదు. ఊళ్ళో ఎవరడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు.

లోర్నా పాత కారు కన్నుమూసి మూడు వారాలైంది. ఈలోపు వెర్లిన్ పద్నాలుగు కార్లు చూశాడు. పద్నాలుగిటికీ వంకలు పెట్టాడు. ఆయన కారు రంగు చూడడు, సీట్లు చూడడు, బానెట్ ఎత్తి ఇంజను చూస్తాడు. మూడు పాయింట్ ఎనిమిది లీటర్ల, ఆరు సిలిండర్ల వి-సిక్స్ తప్ప మరొకటి ఇంజనే కాదని ఆయన సిద్ధాంతం. ఎనిమిది సిలిండర్లు లేనిది కుట్టుమిషనని లోర్నా తమ్ముడు డెల్బర్ట్ సిద్ధాంతం. ఈ బావాబావమరుదులు వాదులాడుకుంటూ ఉండగానే వేరేవాళ్ళు వచ్చి కార్లు కొనుక్కుపోయేవారు.

ఆ రోజు పేపర్లో ఒక ప్రకటన పడింది. 'పాత బ్యూక్, వి-సిక్స్, బాగా నడుస్తుంది. కౌంటీ తిరనాళ్ళ మైదానం, వెనక గేటు దగ్గర మధ్యాహ్నం పన్నెండింటికి చూసుకోవచ్చు.'

వెర్లిన్ కళ్ళు మెరిశాయి. ముగ్గురూ బయల్దేరారు.

మైదానంలో జూలై ఎండ పేలిపోతోంది. లోర్నా నీడ చూసుకుని మెట్ల గ్యాలరీలో ఒక మూల కూర్చుంది. "మీ ఇంజన్ల పురాణం అయ్యాక పిలవండి" అంది. డెల్బర్ట్ దారి పొడుగునా ఎనిమిది సిలిండర్ల మహిమ చెబుతూనే ఉన్నాడు. బేరం చెడగొడతాడని భయపడి వెర్లిన్ అతన్ని నిమ్మరసం తెమ్మని పంపేసి, ఒక్కడే వెనక గేటు వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఆ మైదానానికి వెనక గేట్లు రెండున్నాయి. ఆ సంగతి ఆయనకి తెలియదు.

ఆయనకి దొరికిన గేటు దగ్గర పాత కార్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కో కారు తలుపు మీదా పెద్దపెద్ద అంకెలు. పాత మెర్క్యురీ కారు మీద 88 అని ఉంది. దాని పక్కనే బ్యూక్, 415.

'నాలుగు వందల పదిహేను డాలర్లకి బ్యూకా! ఇవాళ నక్కను తొక్కి వచ్చాను' అనుకున్నాడు వెర్లిన్.

పైగా బానెట్ మధ్యలో పళ్ళెమంత కన్నం కోసి ఉంది. బానెట్ ఎత్తే శ్రమ లేకుండా ఇంజను చూపించాలని ఆలోచించిన మొదటి అమ్మకందారు ఇతనే అని ముచ్చటపడ్డాడు. తొంగి చూస్తే సాక్షాత్తూ మూడు పాయింట్ ఎనిమిది. ఆ తరువాత ఇంకేదీ ఆయన కంటికి ఆనలేదు. కిటికీలకి ఒక్క అద్దమూ లేదు. గాలి బాగా వస్తుందనుకున్నాడు.

కారు పక్కన గడ్డం మనిషి ఒకడు, కుడిచేతికి సిమెంటు కట్టుతో, దిగాలుగా నిలబడి ఉన్నాడు. వెర్లిన్‌ని చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు ఎదురొచ్చాడు.

"తోలడానికి వచ్చింది మీరేనా?"

"తోలి చూడకుండా ఎలాగయ్యా?"

"దేవుడిలా వచ్చారు. నా పేరు హార్లన్. ఎవర్నో పంపిస్తానని మా తమ్ముడన్నాడు గానీ, నేను నమ్మలేదు. ఇదిగో, హెల్మెట్ పెట్టుకోండి."

"హెల్మెట్ ఎందుకు?"

"రూలు."

జాగ్రత్తపరుడే అనుకున్నాడు వెర్లిన్. తలుపు లాగితే రాలేదు.

"వెల్డింగ్ చేసేశా. కిటికీలోంచి దూరండి."

పాత కార్లకి అలాంటివి మామూలే. వెర్లిన్ అరవై మూడేళ్ళ ఒంటిని మూడు విడతలుగా లోపలికి దూర్చాడు.

"బ్రేకులెలా ఉన్నాయి?"

హార్లన్ పడీపడీ నవ్వాడు. "భలేవారే! బ్రేకులతో పనేముంది? రేడియేటర్ మాత్రం కాపాడుకోండి. వీలైనంత వరకు వెనక్కే తోలండి."

రివర్స్ గేరు గట్టిదని చెబుతున్నాడు కాబోలనుకున్నాడు వెర్లిన్. గేటు తెరుచుకుంది. జెండా పట్టుకున్నవాడు లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. అది కార్లు తోలి చూసుకోవడానికి కేటాయించిన స్థలమనుకుని వెర్లిన్ మర్యాదగా, చెయ్యి బయటికి చాపి సంజ్ఞ చేస్తూ మలుపు తిరిగాడు. వెనకే మిగతా కార్లూ వచ్చాయి. 'అందరికీ ఒకేసారి బేరం కుదిరినట్టుంది' అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే డెల్బర్ట్ మూడు గ్లాసులు పట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు. నీళ్ళు కొట్టి బురద చేసిన మైదానంలో పదకొండు కార్లు, మధ్యలో బావ. గ్లాసులు మూడూ జారిపోయాయి. కార్లు ఒకదాన్నొకటి గుద్దుకోవాలి, చివరిదాకా కదిలేది గెలిచినట్టు. ఆ కౌంటీలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన పోటీ అది. అలాంటిది చూడటం తన వృత్తికే అవమానమని వెర్లిన్ ఏనాడూ ఆ ఛాయలకి రాలేదు.

"బావా! అమ్మకం కాదు! బయటికి రా!" అని డెల్బర్ట్ గొంతు చించుకున్నాడు. మోతలో అది వెర్లిన్ చెవిన పడలేదు. జెండా కిందికి దిగింది.

ఎనభై ఎనిమిదో నంబరు మెర్క్యురీ వచ్చి వెనక నుంచి ఢామ్మని గుద్దింది.

వెర్లిన్ హడలిపోయాడు. అయినా పద్ధతి మరవలేదు. జేబులోంచి ఇన్సూరెన్సు కార్డు తీసి కిటికీలోంచి ఊపుతూ, "బాబూ, కాస్త పక్కకి ఆపు. నీ లైసెన్సు చూపించు" అన్నాడు. జనం ఈలలు వేశారు. ఇంతలో మరొకడు పక్క నుంచి దూసుకొస్తుంటే వాడికి దారి ఇద్దామని వెర్లిన్ రివర్స్ గేరు వేశాడు. ఇరుకు సందుల్లో నలభై అడుగుల బస్సుని వెనక్కి తిప్పిన చెయ్యి. బ్యూక్ బాణంలా వెళ్ళి మరో కారు రేడియేటర్‌ని నుజ్జు చేసింది.

"అయ్యో, క్షమించు నాయనా!" అని వంగి చూసేలోపు కాలు జారి యాక్సిలరేటర్ మీద పడింది. ఇంకొకడి కారు పోయింది. వాడికి క్షమాపణ చెప్పబోతే మూడోవాడు. ఒక్కొక్క కారూ ఆవిరి కక్కుతూ ఆగిపోతుంటే, వెర్లిన్ కళ్ళనీళ్ళతో "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అరుస్తూ గేటు కోసం వెనక్కి వెళుతూనే ఉన్నాడు. ఆఖరికి గేటు కనబడింది. ప్రాణం దక్కిందనుకుని తోలాడు. మధ్యలోకి ఎనభై ఎనిమిది వచ్చింది. దాని ఎనిమిది సిలిండర్లూ అక్కడితో మూగబోయాయి.

మైదానంలో ఒక్క ఇంజనే మిగిలింది, మూడు పాయింట్ ఎనిమిది.

హార్లన్ ఒంటిచేత్తో వెర్లిన్‌ని కిటికీలోంచి బయటికి లాగి కావలించుకున్నాడు. "గురువుగారూ, ఈ విద్య ఎక్కడ నేర్చారు?"

"స్కూలు బస్సు" అన్నాడు వెర్లిన్.

హార్లన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "పిల్లలు... బాగున్నారా?"

"ముప్పై ఒక్క ఏళ్ళు గీత పడలేదయ్యా! ఇప్పుడు పది నిమిషాల్లో పది యాక్సిడెంట్లు. పోలీసుల్ని పిలవకండి, మీ నాలుగు వందల పదిహేనూ ఇచ్చేస్తాను."

డెల్బర్ట్ కంచె దూకి వచ్చి, రొప్పుతూ సంగతంతా చెప్పాడు. వెర్లిన్ చేతిలో ఎవరో మోకాలెత్తు గెలుపు కప్పు పెట్టారు. ఎనభై ఎనిమిది తోలినవాడు వచ్చి వినయంగా కరచాలనం చేసి, "రివర్స్ కాస్త నేర్పుతారా సార్?" అని అడిగాడు. వెర్లిన్ వీపు తనకి తెలియకుండానే నిటారుగా అయింది.

"విన్నావురా డెల్బర్ట్? వి-సిక్స్!"

"విన్నాను బావా" అన్నాడు డెల్బర్ట్, చచ్చినట్టు.

అప్పటికి గుర్తొచ్చింది లోర్నా కారు. ఇద్దరూ కాళ్ళీడ్చుకుంటూ గ్యాలరీకి వెళితే ఆవిడ లేదు. రెండో వెనక గేటు దగ్గర, మీగడ రంగు బ్యూక్‌లో స్టీరింగు ముందు కూర్చుని అద్దం సరిచేసుకుంటోంది. పన్నెండు దాటినా ఎవరూ రాక విసుగెత్తి, ప్రకటన ఇచ్చిన ఆవిడ గ్యాలరీలోకి వచ్చి లోర్నా పక్కనే కూర్చుందిట. "ఆ వెనక్కి తోలే పిచ్చివాడెవరో" అని మాటలు కలిశాయిట. పావుగంటలో బేరం ముగిసింది.

వెర్లిన్ కప్పు కింద పెట్టి, ఆత్రంగా బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఇందులో ఇంజను ఏమిటో అడిగావా?"

"అడిగాను" అంది లోర్నా. "ఉందిట."