మారేడ్‌పల్లి బటనోద్ధరణము

మేరుపర్వతానికి దక్షిణ దిగ్భాగమందు, హుస్సేన్‌సాగరానికి ఈశాన్య దిగ్భాగమందు, వీధికొక కంప్యూటర్ కోచింగ్ సెంటరు మొలచిన ఐటీ మహాయుగమున, సికింద్రాబాదు మహానగరాంతర్గతమగు మారేడ్‌పల్లిలో, అమ్మవారి ఆలయమున, విజయదశమి నాటి సాయంసమయమున, ఒక్క బటను కొరకు జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను, వినుడు. విఘ్నములు తొలగించు గణపయ్యకు ముందుగా ఒక దండము. కరెంటు పోనీయకుండ కాచు దేవత ఎవరో తెలియదు గాని, ఆ దేవతకు రెండు.

ఆ ఆలయపు ఆఫీసు గదిలో, ఉబ్బెత్తు గాజుముఖము గల పాత కంప్యూటరు ఎదుట కూర్చుండునది సృజన. కుంకుమార్చన చేయించిన ప్రతి భక్తునికీ కిటికీలోనుండి ప్రసాదపు పొట్లము అందించుట ఆమె కొలువు. అంతటితో ముగిసిన బాగుండును. ప్రతి పేరుకూ కంప్యూటరులో గుర్తు పడినగాని కిటికీ మూయరాదని కమిటీవారి శాసనము. పేరు నొక్కవలె, పేజీ తెరచుకొనువరకు వేచియుండవలె, ‘ఇచ్చాం’ అని ఎంచవలె, అడుగునకు దిగి సేవ్ చేయవలె, మరల మొదటికి రావలె. ఆఖరి పేరు ముగించి ఆమె లేచుసరికి లోపల మహాహారతి చల్లారిపోవును. కొలువున చేరిన నాటినుండి ఏ దసరాకూ ఆమె ఆ హారతి చూచి ఎరుగదు, గోడకు ఇవతలనుండి గంట మాత్రము వినును. గుడిలో పనిచేయువారికే హారతి అందకపోవుట ఏమి న్యాయమో!

“అన్నా, ఈ దసరాకన్న హారతి సూడాలె. జెర ఏమన్న చెయ్యరాదే?” అని ఆమె వేడుకొన్నది ఎవరిని? సైనిక్‌పురి నివాసిని, ఆలయ వెబ్‌సైటును పుణ్యార్థము కట్టియిచ్చిన ఉదారుని, నిద్రాహారవిముఖుని, కాఫీపానపరాయణుని, యుగంధరుని!

“గిదేం పెద్ద పని సృజనా!” అని ఆ వీరుడు గర్జించెను. “సైటు కట్టిన ఫ్రేమ్‌వర్క్‌లనే అడ్మిన్ పేజీ, గదే నువ్వు గుర్తులు పెట్టే పేజీ, రెడీమేడ్‌గనే ఉన్నది. దానికి మనదొక బటన్ తగిలిస్తా. పేర్లన్నిటికి టిక్కు పెట్టు, ఒక్కపారి నొక్కు, అందరికీ ‘ఇచ్చాం’ అని పడ్తది. దసరా హారతికి నువ్వు లోపల నిలబడకుంటే నా పేరు యుగంధరే కాదు!”

శపథము చేసినవాడు చేసినట్లే బటను నిర్మించెను. ఇంట, అతని లాప్‌టాప్‌లో, పేజీకి పైన కుడిమూలన అది బాలభానుబింబమువలె వెలుగొందెను. దానిని వెబ్‌సైటులో ప్రతిష్ఠించి, లాప్‌టాప్‌ను ఇంటనే విడిచి, బైకెక్కి ఆలయమునకు వచ్చెను. ఆ మాట నమ్మిన సృజన ఉదయమునుండి ఒక్క గుర్తూ పెట్టక పొట్లములన్నియు పంచివేసి కూర్చున్నది.

పేజీ తెరచిరి. బటను లేదు.

యుగంధరుడు రిఫ్రెష్షాస్త్రము ప్రయోగించెను, లేదు. బ్రౌజరును మూసి తెరచెను, లేదు. కంప్యూటరును ఆర్పి, ఆంజనేయుని తలచి, మరల వెలిగించెను. లేదు, లేదు, లేదు!

“నా లాప్‌టాప్‌ల మంచిగనే కనబడ్డది!”

“మీ ఇంట్ల కనబడే బటన్‌తోటి నాకేం పని? హారతి సుత మీ ఇంట్లనే ఇప్పిస్తరా అన్నా?”

ఈ వాక్‌శరము అతని గుండెలో నాటుకొనుచుండగా లచ్చమ్మ వచ్చెను. ఆలయాంగణసమ్మార్జనధురీణ యామె. ఆయుధపూజ నాడు చీపురుకు, త్రాసుకు, తాళమునకు, గదిలోని కుర్చీకి సైతము గంధము, కుంకుమ అలదిన భక్తురాలు. కంప్యూటరు పెద్దచదువులది గదా యని దానికి మాత్రము ఇంకొంత పెద్ద బొట్టు పెట్టినది.

“ఏంది బిడ్డా, ఆ డబ్బా మొకం సూస్కుంట కూసున్నవ్? దాని కింద నిమ్మకాయ సుత పెట్టిన గదా!”

అంతలో లోపల డోలు మ్రోగెను. హారతి పళ్ళెము సిద్ధమగుచున్నది. సృజన మొదటి పేరు నొక్కుటకు చేయి సాచినది. అది చూడలేక యుగంధరుడు తల బల్లపై వాల్చెను. మోచేయి మౌసునకు తగిలెను. తెరపైనున్న బాణము రివ్వున పైకెగసి, కుడిమూలన, గాజుమీద ఎండిపోయిన, పూరీ అంతటి కుంకుమబొట్టు క్రిందికి దూరెను. బొట్టు అంచున దాని కొస వెలుపలికి కనబడెను. అది బాణము కాదు. చేయి!

“బాణం చెయ్యయింది! నొక్కేది ఏదన్న ఉంటెనే గట్ల మారుతది! బటన్ బొట్టు కిందున్నది!” అని యుగంధరుడు లేచి, తుడుచుటకు వ్రేలు చాచెను.

“ఆగు!” అని లచ్చమ్మ ఉరిమినది. “ఉద్వాసన గాకముందే అమ్మ బొట్టు తుడుస్తవా? కండ్లు పోతయ్!”

“బటన్ కనబడాలె గదా లచ్చమ్మా!”

“అయితే నీ బటన్నే జరగమను. అమ్మ జరుగుతదా?”

బొట్టుమీదనే గురిచూసి నొక్కరాదా యందురేమో, ఆ బొట్టు క్రింది చీకటిలో పక్కనే, పేర్లన్నియు చెరిపివేయు ‘తొలగించు’ బటను పొంచియున్నది. బ్రౌజరు కిటికీని కాస్త కుదించరాదా యందురేమో, యుద్ధమధ్యమున వీరులకు సులువైనవి తోచవు. అమ్మవారే అడ్డుపడెనో, మనము పెట్టిన బొట్టే మనకు అడ్డుపడెనో, ఆ తర్కమునకును అది సమయము కాదు. యుగంధరుడు ఆ కంప్యూటరునుండియే తన కోడ్‌లోనికి చొచ్చి, ‘కుడి’ అనుచోట ‘ఎడమ’ అని వ్రాసి, కన్నులు మూసి రిఫ్రెష్ నొక్కెను.

ఉదయించెను! ఎడమమూలన, మచ్చలేని గాజుమీద, ‘ప్రసాదం ఇచ్చాం’ అను బటను!

సృజన పేర్లన్నిటికి టిక్కు పెట్టి నొక్కినది. గుర్తులన్నియు ఒక్కమారుగ పడినవి. కిటికీ ధడాలున మూసి పరుగెత్తినది. ముందు లచ్చమ్మ, “జరగుండ్రి, జరగుండ్రి, ఆఫీసు బిడ్డ వస్తున్నది!” అని జనసముద్రమును చీల్చుచుండెను, వెనుక యుగంధరుడు. కర్పూరజ్వాల లేచెను. మునివేళ్ళపై నిలిచిన సృజన చెంపలు వేసికొనుట మరచినది.

“అమ్మ ముక్కుపుడక గిట్ల మెరుస్తదా అన్నా!”

లోకులారా! రాజ్యములు గెలిచినవారి కథలు విన్నారు. మారేడ్‌పల్లిలో ఆ సాయంకాలమున ఒక బటను కుడినుండి ఎడమకు జానెడు దూరము జరిగెను. జయము, జయము!

అమ్మ మాత్రము జరుగలేదు.