వెతకడం నేర్చుకున్న ఇనుప చెయ్యి

రేడియో కేంద్రంలో పాత కార్యక్రమాలు భద్రపరిచే గదికి కొత్త యంత్రం వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అద్దాల గది, గూళ్ళనిండా టేపు పెట్టెలు, వాటి మధ్య పట్టాల మీద పరిగెత్తే ఒక ఇనుప చెయ్యి. ఫలానాది కావాలని కంప్యూటర్లో కొడితే ఆ మాట కంట్రోల్ బోర్డుకు చేరుతుంది. బోర్డు, మోటారు తిరిగిన చుట్లు లెక్కపెట్టుకుంటూ, చేతిని సరిగ్గా ఆ గూటి ముందు ఆపుతుంది. చేతికున్న కన్ను పెట్టె మీది గీతల చీటీ చదివి, అదేనని తేల్చుకుంటుంది. ఆపైన వేళ్ళు పెట్టెను లాగి, టేపు చదివే యంత్రం నోట్లో పెడతాయి. ఇదంతా అయ్యేసరికి అడిగినవాడు కుర్చీలో సర్దుకుని కూర్చోను కూడా కూర్చోడు.

లోపమంతా అక్కడే ఉంది.

మొదట వచ్చినవాడు ఒక దర్జీ. పోయిన తండ్రి ఒకప్పుడు రేడియో నాటకంలో కాపలావాడి పాత్ర వేశాడు. తల్లికి ఒక చెవి ఇప్పటికే వినపడదు, రెండోది పోయేలా ఉంది. అదుండగానే ఆయన గొంతు ఒక్కసారి వినిపించమని ఆవిడ కోరిక. దర్జీ చాలాకాలం తిరగడానికి సిద్ధపడి, దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, క్యారేజీ కట్టించుకుని మరీ వచ్చాడు. దాని మూత తీయకముందే నాటకం టేపు నకలు చేతిలో పెట్టారు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది" అంది కౌంటర్లో అమ్మాయి.

ఆయన మొహం వాడిపోయింది.

ఇంట్లో తల్లి విని, కళ్ళు తుడుచుకుని, "మీ నాన్నే" అంది. బావ ఒప్పుకోలేదు. ఆయన ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, లోకం తెలిసినవాడు. "అడగ్గానే ఇచ్చేశారా? అయితే చేతికందింది అంటగట్టి పంపారన్నమాట. ఎవరి నాన్నో ఏమో. అత్తయ్యకు వినపడీ వినపడని చెవి, ఆవిడేం గుర్తుపడుతుంది?"

దర్జీకి అది సబబుగానే తోచింది. మర్నాడే నకలు తిరిగిచ్చేసి, సక్రమంగా వెతికి ఇప్పించవలసిందిగా ఫిర్యాదు చేశాడు. ఆయన వెనకే ఇంకొందరు. అందరిదీ ఒకటే బాధ: ఒక్కసారి కూడా రేపు రమ్మనలేదు.

డైరెక్టర్ గారు సమావేశం పెట్టి ప్రసంగించారు. "ప్రజల నమ్మకమే మన ఆస్తి. కష్టపడకుండా దొరికినదాన్ని ప్రజలు నమ్మరు. కనుక ఈ యంత్రానికి తక్షణం వెతకడం నేర్పాలి."

"దానికి ఎక్కడుందో తెలుసు సార్" అంది ఇంజనీరమ్మ.

"తెలిసినట్టు కనపడకూడదమ్మా. ఇన్నేళ్ళుగా మేమంతా చేస్తున్నది అదేగా."

ఇంజనీరమ్మ కంట్రోల్ బోర్డుకు కొత్త ఆదేశాలు రాసింది. ఇప్పుడు చెయ్యి ముందు సంబంధం లేని గూళ్ళకు వెళ్తుంది. చీటీలు ఒకటికి రెండుసార్లు చదువుతుంది. ఖాళీగా తిరిగొచ్చి, పట్టాల మధ్య ఆలోచిస్తున్నట్టు ఆగిపోతుంది. భోజనాల వేళకు మూలకు చేరి ముడుచుకుంటుంది. ప్రజల సౌకర్యార్థం అద్దం ముందు బెంచీలు వేయించారు. కూర్చున్నవాళ్ళు "పాపం, ఎంత అవస్థ పడుతోందో" అని జాలిపడుతున్నారు. ఊరికే లాగి పెట్టి, లాగి పెట్టి వేళ్ళు అరిగిపోయి మరమ్మతుకు వెళ్తే, ఒంట్లో బాగాలేదేమోనని సర్దుకున్నారు. కేంద్రానికి ఉత్తమ సేవా పురస్కారం దక్కింది.

దర్జీకి నకలు అందేసరికి వానలు వెళ్ళి చలి ముదిరింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి విన్నారు. బావ కండువాతో కళ్ళొత్తుకుని, "మావయ్య గొంతంటే ఇదీ" అన్నాడు. దర్జీ వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి మాత్రం వరసగా అందరి మొహాలూ చూసి, "ఏమంటున్నాడురా?" అని అడిగింది. చెవి దగ్గర నోరుపెట్టి అరిచి చెప్పారు. ఆవిడకు వినపడలేదు.

ఆ తర్వాత కేంద్రం మీద ఒక్క ఫిర్యాదూ లేదు. మీకూ ఏదైనా కావలసివస్తే నిస్సంకోచంగా రండి. ఎక్కడుందో చేతికి తెలుసు. మీరు నమ్మేదాకా మాత్రం వెతుకుతూనే ఉంటుంది.