కిందికి రాని లాజరు

మనిషిని బుట్టలో నిలబెట్టి పైకెత్తే బూమ్ లిఫ్ట్, కొత్త సిలిండర్ బిగించాక పైకి వెళ్లింది గాని కిందికి రావడం లేదని మెకానిక్ అబ్దుల్ రవూఫ్ కనిపెట్టేసరికి, బుట్టలో లిఫ్టు యజమాని లాజరు ఉన్నాడు.

బుట్ట ఆటోనగర్ రేకుల షెడ్లన్నిటికీ పైన, ఎండలో, నిశ్చలంగా నిలబడింది. కింద రవూఫ్ టీ గ్లాసు పక్కన పెట్టి మెడ ఎత్తి చూశాడు.

అప్పటిదాకా ఆ ఉదయం సవ్యంగానే నడిచింది. ఇన్నేళ్లూ టిప్పర్ లారీల జాకీలు బాగుచేసిన రవూఫ్‌కు బూమ్ లిఫ్ట్ పని ఇదే మొదటిది. ఇది నెగ్గితే లాజరు అద్దెకు తిప్పే లిఫ్టులన్నీ ఈ షెడ్డుకే వస్తాయి. ఆ ధీమాతో పొద్దున్నే "ఇచ్చట బూమ్ లిఫ్టులు బాగుచేయబడును" అని గుమ్మం మీద కొత్త బోర్డు కట్టించాడు. లిఫ్టు చెయ్యిని పూర్తిగా దించి, గొలుసులతో బిగించి, పిన్నులు కొట్టి, నూనె కారుతున్న పాత సిలిండర్‌ను ఊడదీశాడు. కొత్తది ఎక్కించి, గొట్టాలు బిగించి, ఎండ ముదరకముందే చేతులు కడుక్కున్నాడు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు లాజరు.

"చెప్పిన టైముకి ఇవ్వాలి కదండీ!"

"ఊఁ... సరే, నేనే పైకెళ్లి చూస్తా."

లాజరు నడుముకు బెల్టు కట్టుకున్నాడు. తను పైనుండగా కింద ఎవరూ మీటలు ముట్టకుండా తాళంచెవి జేబులో వేసుకోవడం ఆయనకు అలవాటు. అలాగే వేసుకుని బుట్ట ఎక్కాడు. లిఫ్టు హాయిగా లేచింది. ఆ తర్వాతే ఆగిపోయింది.

"ఏమైందండీ?" అని అరిచాడు రవూఫ్.

"మీట నొక్కుతున్నా భాయ్! ఉలుకూ లేదు, పలుకూ లేదు!"

"గొట్టాలు తారుమారు చేశానా ఏంటి?"

పక్క షెడ్డులో క్రేను నడిపే జాన్సన్ నడుం మీద చేతులు వేసుకుని పైకి చూశాడు. "తారుమారైతే అసలు లేచేదే కాదు. లోపల గాలి చేరుంటది."

కరెంటు పోయినా బుట్టను దించడానికి అడుగున చేత్తో తిప్పే మర ఒకటి ఉంటుంది. రవూఫ్ దాని మీద చెయ్యి వేశాడో లేదో, పైనుంచి కేక వినిపించింది.

"ముట్టుకోకు భాయ్! గాలుంటే ఢామ్మని పడతా!"

రవూఫ్ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

జాన్సన్ ఊరుకోకుండా లాజరు భార్య శౌరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె గవర్నర్‌పేటలో పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని, నొప్పిపన్ను తీయించుకోవలసిన భర్త కోసం ఎదురుచూస్తోంది. ఆటోలో బయలుదేరుతూ చర్చి ప్రార్థన గ్రూపులో ఒక్క ముక్క పెట్టింది. ఆమె దిగేసరికి వెనకాల మూడు ఆటోల నిండా స్త్రీల సమాజం దిగింది. ప్రార్థన మొదలైంది. జాన్సన్ సాయానికని తెచ్చిన క్రేను రోడ్డుకు అడ్డంగా ఆగింది. దాని వెనక లారీలు ఆగాయి. ఒక డ్రైవరు తల బయటపెట్టి, "షూటింగా బాబాయ్? హీరో ఎవరు?" అని అడిగాడు.

"ఏవండీ! కళ్లు తిరుగుతున్నాయా?" అంది శౌరమ్మ.

"లేదు శౌరీ! గాలి బాగుంది!"

"పన్నెలా ఉంది?"

"ఇప్పుడదెందుకే!"

"బెంగపడకండి! డాక్టరు మనోజ్ఞ గారు ఎంత మంచివారో! మీరు ఎంత ఆలస్యంగా వచ్చినా ఉండి పీకుతానన్నారు!"

పైన లాజరు ఒక చేత్తో బుగ్గ పట్టుకున్నాడు.

ఈలోగా రవూఫ్ నిచ్చెన తెచ్చి గుమ్మానికి ఆనించాడు. బోర్డుకు కట్టిన తీగ విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు భాయ్?" అంది ఆకాశం.

"బోర్డు దింపుతున్నానండీ. నాకు లారీ జాకీలే చాలు. మీ ప్రాణం మీదికి తెచ్చాను, మన్నించండి. జాన్సన్ క్రేను మీద మిమ్మల్ని దించుతాడు."

రెండో తీగ కూడా సగం వదులైంది. బుట్టలో టక్కున ఏదో చప్పుడైంది. మోటారు మూలిగింది. ఇంత గొడవకు కారణమైన బుట్ట, చిన్న కుదుపైనా లేకుండా, నెమ్మదిగా కిందికి వచ్చి నేలను తాకింది.

"హల్లెలూయా!" అన్నారు స్త్రీలందరూ.

"నా క్రేను చూసి దారికొచ్చింది," అన్నాడు జాన్సన్.

లాజరు ఒక బుగ్గ పూరీలా పొంగి ఉంది. ఆయన భార్య వైపు చూడకుండా నిచ్చెన దగ్గరికి నడిచాడు.

"దిగు భాయ్, బోర్డు ముట్టుకోకు. నీ సిలిండర్ వెన్నలా ఉంది. పైన ఎర్ర బటన్ నొక్కి నేనే ఆపేశా. లిఫ్టు రిపేరవగానే పన్ను పీకించుకుంటానని ఈవిడకి మాటిచ్చా. ఆటోనగర్‌లో బండి పెడితే వారం దాకా బయటికి రాదన్న ధైర్యంతో ఇచ్చా. నువ్వేమో చెప్పిన టైముకే చేసిపెడితివి. నేనింక ఎక్కడికి పోను, పైకి తప్ప?"