రుద్రాణి పురుడు

ఆ ఆదివారం ఉదయం బలరాం వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి ఆట మొదలు, పన్నెండింటికి రాక్షసుడి చావు, ఒంటిగంటకు భోజనం, రెండింటి బస్సుకు కొత్తగూడ ప్రయాణం. సోమవారం పొద్దున్నే అక్కడి బడిలో పంతులుగా చేరాలి. సామాను ముందురోజే వెళ్లిపోయింది. జనగామలో ఇక మిగిలినవి భార్య అనిత, ఒక చేతిసంచి, చంపవలసిన రాక్షసుడు.

చంద్రయ్య కిరాణా దుకాణం పైగదిలో రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఈ ఆట సాగుతోంది. బలరాం కథ చెబుతాడు. చంద్రయ్య కొడుకు సాయితేజ, కోడలు ప్రసూన, అనిత ఆ కథలో తలా ఒక పాత్ర, బల్ల మీద తలా ఒక చిన్న బొమ్మ. కత్తి దూయాలన్నా, గోడ దూకాలన్నా ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్నది పడితే నడుము విరిగినట్టు. ప్రసూన పాత్ర పేరు రుద్రాణి, మహావీరురాలు. కానీ ప్రసూన చేతిలో పాచిక ఏనాడూ ఏడు దాటదు. రెండేళ్లలో రుద్రాణి చంపింది ఒక్క పందికొక్కును. అదీ ముసలిది. అందుకే ఈ చివరి రోజున, గుడిలో తిష్ఠ వేసిన రాక్షసుణ్ణి తన చేత్తోనే చంపాలని ప్రసూన పట్టుబట్టింది. వారం రోజులుగా ఆమెకు వేరే ధ్యాస లేదు.

చిక్కు ముందువారమే మొదలైంది. కథలో సముద్రం దాటించడానికి బలరాం "తొమ్మిది నెలలు గడిచినయి" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అనిత ఊరుకోలేదు. "రుద్రాణికి, మాంత్రికునికి లగ్గమై ఏడాదాయె. తొమ్మిది నెలలు ఓడల ఉత్తగనే కూసున్నరా?" అంది. మాంత్రికుడు సాయితేజ పాత్ర. సరే, పాచికనే అడుగుదామన్నారు. ప్రసూన వేసింది. రెండేళ్లలో మొదటిసారి ఆమెకు ఇరవై పడింది.

ఆట పుస్తకంలో కాన్పులకు నియమాలు లేవు. పుస్తకంలో లేనివాటికి ఆడేవాళ్లే నియమాలు రాసుకుంటారు. వాటిని ఇంటి నియమాలంటారు. బలరాం వారమంతా ఆలోచించి మూడు రాసుకొచ్చాడు.

"ఒకటి, నెలలు నిండినంక బలం సగం. రెండు, గుర్రం ఎక్కద్దు. మూడు, కాన్పు కావాల్నంటె పాచిక పన్నెండు దాటాలె," అని చదివాడు.

"సగం బలంతోని రాక్షసుణ్ణి ఎట్ల సంపాలె అన్నా?" అంది ప్రసూన.

"సాయితేజ సంపుతడు తియ్యి."

"అంటే పందికొక్కుకు నేను, రాక్షసునికి ఆయననా?"

సాయితేజ పైకప్పు వంక చూశాడు. నాలుగేళ్ల కాపురం నేర్పిన విద్య అది.

సరిగ్గా అప్పుడే అతని తల్లి రుక్మిణి సర్వపిండి పళ్లెంతో పైకి వచ్చింది. నెలలు, కాన్పు అన్న మాటలు చెవిన పడగానే పళ్లెం బల్ల మీద పెట్టి, ఎవరికని అడిగింది. ఆటలో బొమ్మకని చెప్పారు. ఇంకొకరైతే నవ్వి దిగిపోయేవారు. రుక్మిణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆటైతె మాత్రం పద్ధతి ఉండద్దా? ఇంటి రూల్సని నువ్వే అంటున్నవ్. ఇల్లు నాది. నాకు చెప్పకుంట రూల్సు ఎట్ల రాసినవ్ బలరాం?"

బలరాం ఆట పుస్తకం తెరిచి చూశాడు. ఇంటి యజమానుల సంగతి అందులో లేదు.

"బలం సగమెందుకైతది?" అని అనిత కూడా అందుకుంది. "మా అమ్మ దంతాలపల్లి కాడ తండల మిరపకాయ ఏరి ఏరి, మూట నెత్తికెత్తుకొని ఇంటికొచ్చి నన్ను కన్నది."

"తెల్సినోళ్లను అడుగుదాం," అని రుక్మిణి పిట్టగోడ దగ్గరికి వెళ్లి పక్కింటికి కేకేసింది. "రాజమణక్కా! జర జల్ది రా! మా ఇంట్ల కాన్పు!"

రాజమణి ముప్పై ఏళ్లు నర్సుగా చేసి ఇంట్లో కూర్చున్న మనిషి. అయిదు నిమిషాల్లో సంచీతో సహా మెట్లెక్కింది. వెనక వేడినీళ్ల గిన్నెతో ఒకావిడ, పాత చీరలతో ఇంకొకావిడ. ముగ్గురూ గదంతా కలయజూశారు. రుక్మిణి బల్ల మీది బొటనవేలంత బొమ్మను చూపించింది.

రాజమణి కళ్లద్దాలు సవరించుకుంది. "గీమెనా?"

"ఈమెనే. తొలిచూలు."

వేడినీళ్లావిడ గిన్నె కిందపెట్టి సర్వపిండి అందుకుంది. రాజమణి మాత్రం వచ్చిన పని వదిలే రకం కాదు.

"రక్తం ఎంతున్నది?"

బలరాం రుద్రాణి కాగితం తిరగేశాడు. "బలం పద్దెనిమిది. నెలలు నిండినంక సగం."

"బలం అడగలె. రక్తం అడిగిన."

"అది... రాసుకోలేదమ్మా."

"కత్తి బరువు రాసిండ్రు, చెప్పుల రకం రాసిండ్రు, రక్తం రాయలె! బలం సగం చేసింది ఎవరు? పనిచేసే పిల్లకు కాన్పు సులువైతది. కొట్టెయ్ దాన్ని."

బలరాం కొట్టేశాడు. ప్రసూన ముఖం వెలిగింది. కానీ రుక్మిణి ఇంకా మొదలే పెట్టలేదు.

"తొలికాన్పు పుట్టింట్ల కావాలె. ఈమె పుట్టిల్లు యాడ?"

"ఈమె అగ్గిలకెళ్లి పుట్టింది పెద్దమ్మా. తల్లిదండ్రులు లేరు," అన్నాడు బలరాం.

పాత చీరలావిడ నొచ్చుకుంటూ నాలుక చప్పరించింది. రుక్మిణి పెన్సిల్ తీసుకుని, బల్ల మీద పరిచిన ఆట పటంలో గుడికి ఎదురుగా ఒక ఇల్లు గీసింది. వాకిలి, బావి కూడా గీసింది.

"తల్లి లేకుంటేంది? నేను లేనా? ఇది నా ఇల్లు. నా బిడ్డ ఈడనే కంటది."

అత్తమ్మ నోట బిడ్డ అన్న మాట, ఆటలోనే కావచ్చు, వినగానే ప్రసూనకు నిజంగా సంతోషం వేసింది. రాజమణి పాచికను రెండు చేతులా కడిగినట్టు తుడిచి వేసింది. పద్దెనిమిది. ఆడపిల్ల. పైగదిలో ఆరుగురు ఆడవాళ్లూ చప్పట్లు కొట్టారు.

అప్పటికి పన్నెండున్నర. బలరాం సబ్బు డబ్బాల అట్టతో కట్టిన గుడిని ఆదరాబాదరాగా బల్ల మధ్యకు జరిపాడు. రాక్షసుణ్ణి చంపితే రాజ్యం తమదే. "ఇగ గుళ్లకు పోదాం," అన్నాడు.

"గుళ్లకెట్ల పోతరు?" అని తలుపు దగ్గర్నుంచి వినిపించింది. దుకాణం కట్టేసి అన్నానికి పిలవడానికి వచ్చిన చంద్రయ్య అక్కడ నిలబడి ఉన్నాడు. రెండేళ్లుగా ఈ ఆటను పిల్లచేష్టలన్న మనిషి. "ఇంట్ల పురుడు. తండ్రికి, తండ్రి దిక్కు పాలోళ్లందరికి పదకొండు రోజులు గుడి లేదు."

మాంత్రికుడు తండ్రి. అనిత పాత్ర మాంత్రికుడి పెళ్లికాని చెల్లెలు. రుద్రాణి బాలింత. గుళ్లోకి వెళ్లడానికి మిగిలింది వాళ్ల సామాను మోసే ఒక గాడిద.

ప్రసూన కళ్లలో నీళ్లు తిరిగాయి. బలరాం భార్యతో తమ తండా భాషలో ఏదో అన్నాడు. అనిత నవ్వింది గానీ తర్జుమా చేయలేదు. ఇక దాచి లాభం లేదనుకుని బలరాం చివరికోసం అట్టిపెట్టుకున్న రహస్యాన్ని బయటపెట్టాడు. అది వింటే అందరూ పురుడు మరిచి గుళ్లోకి ఉరుకుతారని అతని ఆశ. గొంతు మార్చి, రాక్షసుడిలా గుడిలోంచి గర్జించాడు.

"ఓ మాంత్రికుడా! నేను ఎవన్ననుకున్నవ్? మీ నాయిన సొంత తమ్ముణ్ణి!"

సాయితేజ నోరు తెరిచాడు. అనిత అబ్బో అంది. చంద్రయ్య మాత్రం తాపీగా కూర్చున్నాడు.

"అంటే పాలోడే కద."

ప్రసూన చటుక్కున తలెత్తింది. "మామయ్యా, అయితే పురుడు ఆయనకు గూడ ఉన్నట్టే?"

"ఉండదా మరి! గుళ్లకెళ్లి బయటికి నడువుమను."

"గుళ్లె ఉన్నన్ని దినాలు ఆయనకు సావు లేదు బాపూ, వరమున్నది," అన్నాడు బలరాం బిక్కమొహంతో.

"పురుడు పెట్టుకొని గుళ్లె కూసుంటె ఏ దేవుడు ఊకుంటడు?"

రెండేళ్లు శ్రమపడి కట్టిన గుడిలోంచి బలరాం తన రాక్షసుణ్ణి తనే తీసి బయట పెట్టాడు. ఎదురుగా ఒకే ఒక్క ఇల్లు ఉంది, రుక్మిణి గీసినది.

"వచ్చిండు కద, మనుమరాలిని సూడనియ్యి," అంది రుక్మిణి.

రాక్షసుడి బొమ్మ ఆ ఇంట్లోని ఉయ్యాల దాకా జరిగింది. ప్రసూన చాలా నెమ్మదిగా అడిగింది. "అత్తమ్మా, బాలింత పక్కపొంటి ఏం పెడ్తరు?"

"ఇనుము. కత్తో, కొడవలో."

"ఎందుకు?"

"దయ్యాలు, పాడుగాలి రాకుంట."

"నా పక్కన ఖడ్గమున్నది."

రుక్మిణి ఉలిక్కిపడింది. "ఛీ! పిల్లను సూడొచ్చిన సుట్టాన్ని నరుకుతవా?"

"సుట్టమా, రాక్షసుడా, బలరామన్ననే చెప్పమను. ఏ మొకంతోని వచ్చిండు?"

బలరాంలో ఏ లోపమున్నా ఆటలో అబద్ధం చెప్పడు. "రాక్షసుని మొకంతోనే. కోరలున్నయి."

"పసిపిల్ల తానికి కోరలేసుకొని వస్తడా!" రుక్మిణి కుర్చీలోంచి లేచింది. "వెయ్యి బిడ్డా, ఒక్కటి!"

ప్రసూన పాచిక అందుకుంది. అత్తగారు ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"ఇనుము పనిచేసుటానికి పాచికెందుకు? తగిలిందంటె తగిలినట్టే. రాసుకో బలరాం, ఇంటి రూలు."

బలరాం రాసుకున్నాడు. బలరాం అరవై పేజీల్లో రాసుకున్న రాక్షసుడు ఉయ్యాల పక్కన ఒక్క వేటుకు కూలిపోయాడు. ప్రసూన ఎగిరి గంతేసి అత్తగారిని వాటేసుకుంది. కింద వీధిలో పోయేవాళ్లు ఆగి పైకి చూశారు. రాజ్యం రుద్రాణిది. టైము రెండుంపావు, బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

"ఇగ పట్టాభిషేకం చేసుకొని అన్నం తిందాం," అన్నాడు సాయితేజ, ఆ పూట మొదటిసారి నోరు విప్పి.

చంద్రయ్య తల అడ్డంగా ఊపాడు. "సచ్చింది పాలోడు. మైల. పదకొండు రోజులు ఏ శుభం లేదు."

కొత్తగూడ బడి పెద్దసారుకు బలరాం ఆ సాయంత్రం పంపిన సందేశంలో, ఒక రోజు ఆలస్యానికి కారణం "బాగా కావలసినవాళ్ల ఇంట్లో ఒక కాన్పు, ఒక చావు" అని ఉంది. పెద్దసారు జాలిపడి మూడు రోజులు ఇచ్చాడు.