దండ వేసిన పొయ్యి

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడుతున్నాను గానీ, ఆ అడవి నిజంగా అంత పెద్దదేనా అన్నది నాకు రూఢిగా గుర్తులేదు. ఈ కథ విన్న పూట నేను ఆకలితో ఉన్నాను. ఆకలి మీద విన్నదానిలో ఏది కథో, ఏది వాసనో విడదీయడం ఈ వయసులో కష్టం.

ఆ అడవిలో మృగరాజుకు కుందేలు వండిపెట్టేది. ఒకనాడు కూరలో ఉప్పు ఎక్కువైంది. రాజు కూరను వదిలి కుందేలును తిన్నాడు. అది అరగలేదు. ఏడాదిపాటు పప్పుచారు తప్ప మరేదీ ముట్టరాదని వైద్యుడు పథ్యం విధించాడు. అలా కొలువులో వంటపని ఖాళీ అయింది.

"పాకశాస్త్రంలో పట్టా ఉన్నవారే అర్హులు" అని మంత్రి నక్క చాటింపు వేయించింది.

ఆ కొలువు మీద ఒక పునుగుపిల్లి ఆశపడింది. దాని ముక్కు గొప్పది. వాన ఏ కొండ మీద పడిందో వాసన చూసి చెప్పగలదు. వంట మాత్రం రాదు. నేర్చుకోవాలి. సరిగా నేర్చుకోకపోతే కుందేలు గతే.

ముందు నెమలి ఆచార్యుల విద్యాపీఠం చూడబోయింది. తళతళలాడే పాత్రలు. వాటి నడుమ పూలదండ వేసిన పొయ్యి.

"దీన్ని ఎప్పుడు ముట్టిస్తారండీ?"

ఆచార్యులు ఉలిక్కిపడ్డారు. "ముట్టించడమా! అడవిలో నిప్పా? మేము నిప్పు గురించి ఆరు పాఠాలు చెబుతాం. అందులో అయిదు చరిత్ర."

"మరి రుచి?"

"రుచి నాలుకకో తీరు. దానిమీద పరీక్ష పెట్టడం అన్యాయం. మూడు పున్నములు తిరిగేసరికి పట్టా మాత్రం ఇస్తాం."

తర్వాత వాగు ఒడ్డున ముళ్ళపంది అవ్వ వంటపాకకు వెళ్ళింది. పొగలో అవ్వ ముఖమే కనబడలేదు.

"వచ్చావా? ముందా గిన్నె తోము."

"పట్టా ఇస్తావా అవ్వా?"

"ఆకలేస్తే అన్నం పెడతా. పట్టా నంజుకుంటావటే?"

పునుగుపిల్లి చాలాసేపు ఆలోచించింది. పాకలోంచి వచ్చే వాసన దాన్ని వెనక్కి లాగింది. చాటింపు ముందుకు తోసింది. మనలో చాలామందిమి చేసిన పనే అదీ చేసింది. నెమలి దగ్గర చేరింది.

మూడు పున్నములకు ప్రథమ శ్రేణిలో పట్టా వచ్చింది, కొలువులో గరిటె చేతికి వచ్చింది. మొదటి విందుకు అడవంతా కదిలింది. ఆచార్యులు ముందు వరుసలో కూర్చున్నారు. కట్టెలు తెచ్చిన ముళ్ళపంది అవ్వే పొయ్యి ముట్టించి, పప్పుచారు మరిగేదాకా పక్కనే ఉంది. తిరగమోత మాత్రం పట్టా ఉన్నవారి పని. నూనె కాగింది. పునుగుపిల్లి అందులో గుప్పెడు ఆవాలు వేసింది.

చిటపట! చిటచిటపట!

"తుపాకులు!" ఎవరో అరిచారు. "వేటగాళ్ళొచ్చార్రోయ్!"

ఏనుగు వాగు దాటింది. ఆచార్యులు సగం తోక వదిలేసి చెట్టెక్కారు. మృగరాజు తన సింహాసనం కిందే దూరాడు. పునుగుపిల్లి గరిటె పట్టుకుని బోర్లా పడుకుంది.

"లేవే పిచ్చిదానా, మాడిపోతోంది!" అంటూ అవ్వ చిటికెడు ఇంగువ వేసి ఆ తిరగమోతను పప్పుచారులో కుమ్మరించింది. చుయ్‌మంది. ఇంగువ గుబాళించింది. ఆ వాసనకు పారిపోయినవాళ్ళు ఒక్కరొక్కరే తిరిగివచ్చారు.

రాజు గిన్నె నాకి, "ఎవరు చేశారిది?" అని గర్జించాడు.

మెచ్చుకుంటున్నాడో, మింగబోతున్నాడో తెలియని గర్జన అది.

"తప్పు జరిగి ఉంటే నాది ప్రభూ, నాకు వంట రాదు," అంది పునుగుపిల్లి. "బాగుంటే మాత్రం అది అవ్వ చేసింది."

"అయితే ఇకమీదట అవ్వే వండుతుంది."

నక్క గొంతు సవరించుకుంది. "ఆమెకు పట్టా లేదు ప్రభూ. పక్క అడవివాళ్ళు నవ్వరూ?"

రాజు తీర్పు చెప్పాడు. అవ్వ విద్యాపీఠంలో చేరి పట్టా తెచ్చుకోవాలి. తుపాకులు పేలినా గరిటె వదలలేదు కనుక పునుగుపిల్లే ఆమెకు గురువు.

మర్నాడు అవ్వ ముళ్ళు సర్దుకుని ముందు బల్ల మీద కూర్చుంది. పునుగుపిల్లి తలుపు మూసింది. పొయ్యికి వేసిన దండ తీసి పక్కన పెట్టింది.

"అవ్వా, ముందు ఏ గిన్నె తోమమంటావు?"

నీతి: బడిని ఎంచుకునేటప్పుడు పట్టానే చూసుకోవాలి, వంట నేర్పడానికి తర్వాత ఎవరో ఒక శిష్యురాలు దొరక్కపోదు.

ఆనాటి పప్పుచారులో ఉప్పు సరిపోయిందో లేదో, ఈ కథ మొత్తంలో అదొక్కటే నాకు బాగా గుర్తుంది. తెలిసే చెప్పలేదు, మృగరాజు ఇంకా సింహాసనం మీదే ఉన్నాడు.